మడ అడవిలో పడవకు తిథి చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతికి వచ్చిన మనవలకు పిట్టలు చూపిస్తానని గొప్పలు చెప్పి, గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక రేవుకు తీసుకెళ్లాను. ఏ రేవో రాయను. అక్కడి కుర్రాళ్లు మర్యాదగానే చూసుకున్నారు, తప్పు వాళ్లది కాదు. టిక్కెట్లు పదింటికి మొదలయ్యాయి, మా వంతు వచ్చేసరికి ఒంటిగంట. ఆ వేళకి పోటు నిండుగా ఉంది. మడచెట్ల మొదళ్లు మునిగిపోయి, నీళ్ల మీద ఉత్త ఆకులే కనిపిస్తున్నాయి. మా ముందు పడవలో ఎవరో స్పీకరు పెట్టుకుని డాన్సు చేస్తున్నారు. నలభై నిమిషాలు తిరిగితే కనిపించినవి రెండు నీటికాకులు, ఒక గద్ద. "తాతయ్యా, పిట్టలు కూడా పండక్కి ఊరెళ్లాయా?" అని అడిగింది మా ఆరేళ్ల మనవరాలు.

పడవాయన నవ్వి, "పొద్దున్న ఏడింటికి రావాల్సిందండి మాస్టారూ. అప్పుడు నీరు తీసేసి ఉంటదండి. ఇప్పుడు బురదంతా మునిగిపోయింది కదండీ, పిట్టకి మేతేదండీ?" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి, ఆ మాటకు సిగ్గేసింది. చలికాలంలో ఉత్తరాన చలిదేశాల నుంచి మన తీరానికి వచ్చే ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కు గుచ్చి పురుగులు, చిన్న చిన్న పీతలు ఏరుకుంటాయి. నీరు తీసి బురద బయటపడితేనే వాటికి భోజనం. మన తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా తీస్తుంది. అష్టమి దగ్గర రెండూ అంతంతమాత్రమే. మేం వెళ్లింది పంచమి నాడు. ఇంట్లో గోడకున్న క్యాలెండరు చూసినా సగం లెక్క తెలిసిపోయేది. చొల్లంగి అమావాస్యకి సముద్రంలో మునగడానికి ఏటా తిథి చూసుకుని బయల్దేరేవాళ్లం, ఆ పక్కనే ఉన్న మడ అడవికి మాత్రం ఆఫీసు టైంలో వెళ్తాం.

మా కాకినాడ పక్కనున్న ఈ కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. నీళ్లలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి, నీటికుక్కలు, నక్కలు ఉండే చోటు. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుక మీద సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు కోరింగ రేవును ఊడ్చేశాయని మా చిన్నప్పుడు పెద్దలు చెప్పేవారు. ఈ చెట్ల వేళ్లు అలల దెబ్బ ఎలా తగ్గిస్తాయో పిల్లలకు పడవలో కూర్చోబెట్టి చూపించొచ్చు. ముందు ఆ స్పీకరు ఆగాలి.

కొన్నేళ్ల కిందట అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అచఫలయా నది చిత్తడి చూశాను. ఆ దేశంలో అదే అతిపెద్ద నదీ చిత్తడి అడవి. అక్కడ షెర్బర్న్ అనే చోట జింకల వేటా, బాతుల వేటా చట్టప్రకారం సాగుతాయి. అదే అడవిలో తెడ్డు పడవల వాళ్లు తిరుగుతారు, పిట్టలు చూసేవాళ్లూ వస్తారు. నాకది మింగుడుపడలేదు. వేటగాళ్లకు మనిషని తెలియాలని మా అల్లుడు నాకు నారింజ రంగు చొక్కా తొడిగాడు, అదొక టెన్షన్. కానీ ఒక సంగతి నచ్చింది. లోపలికి వెళ్లే ప్రతివాడూ చీటీ నింపాలి, బయటికొచ్చేటప్పుడు ఏం కొట్టాడో రాసివ్వాలి. బాతుల వేటకు వెళ్లే పెద్దవాళ్లు అక్కడి కేంద్ర ప్రభుత్వం అమ్మే స్టాంపు కూడా కొనాలి. 1934 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఇప్పుడు దాని ధర 25 డాలర్లు, అందులో దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతుంది.

ఇది విని మా వాకింగ్ మిత్రుడొకాయన, "మనమూ టిక్కెట్టు పెట్టి వేటకు వదిలితే పోలా?" అన్నాడు. పోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది, మంచిదే అయింది. అమెరికాలో ఏటా బాతులను లెక్కపెట్టి, మనిషికి ఎన్ని కొట్టొచ్చో చెబుతారు. మన దగ్గర అంత పక్కా లెక్క లేదు. చీకట్లో వల వేసి పరజలను, అంటే అడవి బాతులను పట్టి, జతల లెక్కన అమ్మేవాళ్లు మాత్రం ఏ చెరువులో ఎన్ని దిగాయో చెప్పగలరు.

ఆ తెలివి ఊరికే పోనవసరం లేదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, చిలికా సరస్సు. దాని ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. ఒకప్పుడు వేలాది పక్షులను చంపి అమ్మిన ఊరు. ఆ వేటగాళ్లే ఇప్పుడు గెడ వేసి పడవ నడుపుతూ పక్షులు చూపిస్తున్నారు. మోటారు చప్పుడు ఉండదు కాబట్టి పిట్టలు పడవకు పక్కనే మేస్తుంటాయి. మన బెస్తవాళ్లకు ఈ పాయలు అరచేతిలో గీతల్లా తెలుసు, వాళ్లను మనం స్టీరింగు పట్టుకుని అరగంట తిప్పి దింపే డ్రైవర్లను చేశాం.

పెద్ద పాయలో మోటారు పడవలు ఉండనివ్వండి. నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లకు అవే దిక్కు. సన్న పాయల్లోకి మాత్రం తెడ్డు పడవలే వెళ్లాలి, నలుగురైదుగురికి మించకుండా, స్థానిక జాలరి నడుపుతూ. మోటారు పడవలో నలభై మందిని ఎక్కించినంత డబ్బు రాదు, నిజమే. టిక్కెట్టు పెంచండి, ఆ పెంచింది తెడ్డు వేసేవాడికే ఇవ్వండి. నీరు తీసే వేళ తెల్లవారుజామున పడితే కౌంటరు ఆ వేళకే తెరవాలి, ఒంటిగంటకు పడితే ఒంటిగంటకు. మరీ నీరు తీసేస్తే పడవ బురదలో కూరుకుపోతుంది, ఎప్పుడు బయల్దేరాలో జాలరికే వదిలేస్తే సరి. పడవ చిన్నదైనా లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో గోదావరి జిల్లాలవాళ్లకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

వీటిలో కొన్నింటికి జీవోలు, టెండర్లు కావాలేమో. కానీ రేపే చేయగల పని ఒకటుంది. ప్రతి రేవులో టిక్కెట్టు కిటికీ పక్కన, ఆ రోజు నీరు ఎన్నింటికి ఎక్కుతుందో, ఎన్నింటికి తీస్తుందో రాసిన బోర్డు పెట్టాలి. కాకినాడ చుట్టుపక్కల ఏ రేవులోనైనా సరే, నల్లబల్ల, సుద్దముక్కలు నేనిస్తాను. రోజూ పొద్దున్నే పోటు టైం చెప్పడానికి ఆ పడవాయన లాంటి వాడొకడు ఉంటే చాలు, రాసే పని నాది.

– ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
కాకినాడ