పిల్లల సినిమాకు మొహం లేకుండా చేశారు

అయ్యా,

పాత కార్టూన్ సినిమాల రీమేక్‌ల మీద పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను గానీ, వారమైనా తగ్గలేదు. ‘కుటుంబమంతటికీ కన్నుల పండుగ’ అని రాశారు. రాసినాయన పక్క సీట్లో ఏడెనిమిదేళ్ల పిల్ల ఎవరైనా కూర్చుందా అని అడగాలనుంది.

నేను విజయనగరం జిల్లాలోని ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు మొహం గీయడం నేర్పేటప్పుడు ముందు కనుబొమలే నేర్పేవాణ్ణి. గుండ్రటి మొహం మీద ఆ రెండు గీతల లోపలి కొసలు పైకి లేస్తే ఏడుపు, కిందికి దిగితే కోపం. మూడో తరగతి పిల్లాడికి కూడా ఇట్టే తెలిసిపోతుంది. డిస్నీ వాళ్ల 1994 నాటి లయన్ కింగ్‌ను చేత్తో గీసినవాళ్లకు ఇది బాగా తెలుసు. తండ్రి చచ్చిపడి ఉంటే సింహం కూన సింబా వచ్చి లేపే చోటు చూడండి. చెవులు వాలిపోతాయి, కనుబొమలు నుదుటి మీదికి ఎక్కుతాయి, చివరికి తండ్రి పంజా కింద దూరి పడుకుంటాడు. భాష రానివాడికి కూడా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. 2019 రీమేక్‌లోనూ అదే సీను ఉంది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు, అంత నిజంగా ఉంటుంది. కానీ నిజం సింహానికి మనలా కనుబొమలు ఎగరవు కాబట్టి దీనికీ ఎగరవు. టీవీలో అది చూస్తూ మా మనవరాలు “తాతా, దానికి నిద్దరొస్తోందా?” అని అడిగింది. మర్నాడు పాతది పెట్టాను. ఏమీ అడగలేదు, వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

ఇంతా చేసి అందులో నిజమైన సింహం ఒక్కటీ లేదు. మొత్తం సినిమాలో కెమెరాతో తీసిన షాట్ ఒక్కటేనని, మిగతాదంతా కంప్యూటర్‌లో చేసిందేనని దర్శకుడు జాన్ ఫావ్రోనే చెప్పారు. కంప్యూటర్‌తో ఏ మొహమైనా పెట్టగలిగినప్పుడు ఆ కూనకు ఏడవడం ఎందుకు రానివ్వలేదు? పాతదాంట్లో ఆకుపచ్చ వెలుగులో హైనాలు బారులు తీరి నడిచే విలన్ పాటను కొత్తదాంట్లో కుదించి, సగం మాటల్లోనే కానిచ్చేశారు. మరి సినిమా చిన్నదైందా అంటే అదీ లేదు. 88 నిమిషాల కథను 118 నిమిషాలు సాగదీశారు. 1941లో 64 నిమిషాల్లో ముగిసిన డంబో 2019కి దాదాపు రెండు గంటలైంది. పిల్లలు ఎంతసేపు కుదురుగా కూర్చోగలరో తీసేవాళ్లకు పట్టదు. చూసి రాసేవాళ్లకూ పట్టదా?

రీమేక్ అంటేనే చెడ్డదని నేను అనను. ఫావ్రోనే 2016లో తీసిన జంగిల్ బుక్ నాకు నచ్చింది. మౌగ్లీగా వేసిన అబ్బాయి నిజం మనిషి. వాడి మొహంలో భయం కనిపించి పిల్లలూ భయపడతారు, వాడు నవ్వితే నవ్వుతారు. ఆ తర్వాత నుంచి డబ్బు లెక్కే మిగిలింది. లయన్ కింగ్ రీమేక్‌కు 160 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి మరి. 2016లో వచ్చిన మోనాకు పదేళ్లు నిండకుండానే రీమేక్ తీశారు. ఆ కార్టూన్ మోనా రెండో భాగమైతే మొదట ఓటీటీ సీరీస్‌గా మొదలుపెట్టి, మధ్యలో సినిమాగా మార్చినది. 2011 తర్వాత ఆ డిస్నీ నుంచి పూర్తిగా చేత్తో గీసిన పెద్ద సినిమా ఒక్కటీ రాలేదు. ఇవేవీ మీ వ్యాసంలో లేవు. తెలుగులో ఏ హీరో గొంతు ఇచ్చాడన్నదే సగం పేజీ ఉంది. నాని, మహేశ్‌బాబు, వెంకటేశ్ గొంతులిస్తే తప్పేమీ లేదు. బ్రహ్మానందం, అలీ మాటలకు మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. కానీ పోస్టర్ మీద హీరో పేరుంటే చాలు, కథ ఎవరికీ అక్కర్లేదన్న ధోరణి నాకు మింగుడుపడదు.

ఇంకో సంగతి. జంగిల్ బుక్‌కూ, లయన్ కింగ్ రీమేక్‌కూ గ్రాఫిక్స్ చేసిన ఎంపీసీ అనే కంపెనీకి బెంగళూరులో పెద్ద స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో దాని మాతృసంస్థ టెక్నికలర్ కుప్పకూలి, మన దేశంలోనే వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వందల కోట్ల డాలర్లు తెచ్చిన బొమ్మలు చేసినవాళ్ల గతి అది. మా ఊళ్లో గంటస్తంభం చుట్టుపక్కల కరెంటు స్తంభాలకు యానిమేషన్ కోర్సుల బోర్డులు ఇంకా వేలాడుతున్నాయి. ఫీజులు కడుతున్న తల్లిదండ్రులకు ఈ విషయం మీ పేపర్ కాక ఎవరు చెప్పాలి?

ప్రభుత్వాల సంగతి సరేసరి. 1955లో పెట్టిన బాలల చలనచిత్ర సంస్థను 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి బాలల చిత్రోత్సవం జరిగినప్పుడు దేశదేశాల సినిమాలు వచ్చేవి, పిల్లలు గుంపులుగా వెళ్లి చూసేవారు. ఇక్కడ నేను రిటైరైన బడిలో నా పోస్టు ఇంతవరకు భర్తీ కాలేదు. డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారు. అడిగితే ‘పైనుంచి ఆర్డర్ రావాలి’ అంటారు. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల నడిచిన ఊరు ఇది. ఇక్కడ పిల్లాడికి పెన్సిల్ పట్టించే మాస్టారు లేడంటే నాకు కడుపు మండుతోంది.

పెద్ద హీరో లేని బొమ్మల సినిమాకు జనం రారన్న మాట మాత్రం నమ్మకండి. 2025లో మహావతార్ నరసింహ అనే మన బొమ్మల సినిమా వస్తే తాతామామ్మలు మనవల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లారు. అందులో పెద్ద హీరో ఎవరూ లేరు.

మీకు నా మనవి ఒక్కటే. సెన్సార్ బోర్డు 2024 నుంచి 7, 13, 16 ఏళ్లు అంటూ, పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏ సర్టిఫికెట్లను విడదీసింది. పిల్లల సినిమా సమీక్ష వేసినప్పుడల్లా ఆ వయసూ, సినిమా నిడివీ కింద ఒక లైనులో వేయండి. సమీక్ష రాసేవారిని పిల్లలతో కలిసి చూసి రాయమనండి. మా ఊరి హాళ్ల వారు పాత బొమ్మల సినిమాలను ఆదివారం ఉదయం ఆట వేస్తే, మా వీధి పిల్లలందరినీ నేనే తీసుకొస్తాను.

– విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, విజయనగరం