వార్షిక నివేదిక 2024–25: పేర్లు, చందాలు, క్యాలెండరు

ప్రియమైన సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికలో శిబిరాలు, బైబిల్ అధ్యయనాలు, కొత్త విద్యార్థుల స్వాగత కూడికల గురించి చెప్పుకుంటూ వస్తున్నాం. ఈ ఏడాదీ అవన్నీ జరిగాయి. వాటి వివరాలు కాలేజీల్లో విద్యార్థుల మధ్య పనిచేసే మన క్యాంపస్ సేవకుల నివేదికల్లో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి. కార్యవర్గం సాయంత్రాలను ఎక్కువగా తినేసిన పని మాత్రం వేరే. దాతల పేర్లు, ఫోను నంబర్లు, చందాల వివరాలు ఒక్కచోటికి చేర్చడం, క్యాంపస్ సేవకుల పనివేళలను అందరికీ కనబడే క్యాలెండరులో పెట్టడం. గుమాస్తా పనిలా కనిపించే ఈ పని గురించే ఈసారి నేను రాస్తున్నాను.

దీని అవసరం ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. కాలేజీల్లో విద్యార్థి సేవ ఎక్కడైనా చిన్న చిన్న కానుకల మీదే నడుస్తుంది. 1951లో అమెరికాలో మొదలైన క్యాంపస్ క్రూసేడ్ అనే విద్యార్థి సేవా సంస్థలో సేవకులు ఎవరి పోషణకు వారే భాగస్వాములను వెతుక్కునే పద్ధతి ఉంది. మన దేశంలో 1954లో పుట్టిన యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) వంటి ఉద్యమాలకు చదువు ముగించి ఉద్యోగాల్లో చేరిన పూర్వ విద్యార్థులే వెన్నుదన్ను. మన సంఘమూ అలాంటి పూర్వ విద్యార్థులదే. పెద్ద మొత్తం ఇచ్చే దాత ఒక్కరూ లేరు. నెలకు అయిదు వందలిచ్చేవారు, వెయ్యి ఇచ్చేవారు, పంట చేతికి వచ్చాక ఏడాదికి ఒకసారి ఇచ్చేవారు కలిసి సేవకుల జీతాలు నడుపుతున్నారు. అంతమందిని గుర్తుపెట్టుకోవడమే అసలు పని.

ఇన్నాళ్లూ గుర్తుపెట్టుకున్నది ఎర్ర అట్ట రిజిస్టరు. చాలామంది దాన్ని చూసే ఉంటారు. వీపున గుడ్డ అతుకు, చుట్టూ రెండు రబ్బరు బ్యాండ్లు. పేజీకి ఒక దాత. పైన పేరు, ఊరు. కింద నెలల వారీగా చందా. అంచున పెన్సిలుతో చిన్న చిన్న మాటలు: "అమ్మాయి పెళ్లి, మే నెలలో", "కర్నూలుకు బదిలీ", "మోకాలి ఆపరేషన్, ప్రార్థించాలి". ఒక మాస్టారి పేజీలో అయిదారు నెలల గళ్లు ఖాళీగా ఉన్నాయి, పక్కన "రాలేదు. అడగవద్దు" అని ఉంది. ఎందుకు అడగవద్దో ఇప్పుడు మాలో ఎవరికీ తెలియదు. అప్పటి కోశాధికారి గారికి తెలుసు, ఆయన మన మధ్య లేరు. మాస్టారు మరుసటి ఏడాది నుంచి మళ్లీ ఇచ్చారని మాత్రం అదే పేజీ చెబుతోంది.

రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వేసవి సెలవుల్లో నలుగురు విద్యార్థులు కూర్చున్నారు. వారానికల్లా తేలిన సంగతి ఏమిటంటే, మనం అనుకున్నంత మంది దాతలు మనకు లేరు. ఒకే మనిషి మూడుచోట్ల ఉన్నారు. ఒకచోట దానియేలు, ఇంకోచోట డానియేల్, బ్యాంకు కాగితంలో డేనియల్. ఒకరు తెలుగులో టైపు చేస్తే ఒకరు ఇంగ్లిషు అక్షరాల్లో చేశారు, వెతికితే ఒకటి దొరికినప్పుడు రెండోది దొరకదు. పేర్లను బట్టి కలపడం మానేసి ఫోను నంబరును బట్టి కలిపాం. భార్యాభర్తలిద్దరూ ఒకే నంబరు ఇచ్చిన ఇళ్లలో అదీ బెడిసికొట్టింది. చివరికి ఒక్కొక్కరికీ ఫోను చేసి అడగడం తప్ప దారి లేకపోయింది. ఆ ఫోన్లలో సగం చిరునామా దగ్గర ఆగలేదు, ముప్ఫై నిమిషాలు సాగాయి. మా విద్యార్థుల పని గంటలు పెరిగాయి, వారెవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇంటిపేరు సంగతి వేరు. బయటి దేశాల్లో తయారైన ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మొదటి గడి సొంత పేరుకు, రెండో గడి కుటుంబం పేరుకు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. విద్యార్థులు రిజిస్టరులో ఉన్న వరుసలోనే ఎక్కించారు. క్రిస్మస్ ఉత్తరాలు ప్రింటు తీసేటప్పుడు కంప్యూటర్ మొదటి గడిలో ఉన్నదాన్ని తీసుకుని "ప్రియమైన మద్దెల గారికి" అని అచ్చు వేసింది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురికీ అదే పిలుపుతో మూడు కవర్లు వెళ్లాయి. పెద్దాయన ఫోను చేసి, "మా ఇంట్లో ఏ మద్దెలకు రాశారయ్యా?" అని అడిగారు. ఇప్పుడు "ఎలా పిలవాలి" అనే గడి విడిగా పెట్టాం. అందులో అన్న, అక్క, మాస్టారు, పాస్టరు గారు, అమ్మ, ఏది తగితే అది రాస్తున్నాం.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది మూడు సమావేశాలు తినేసింది. ఈ సేవ కోసమే తయారైనవి రెండు చూశాం. టీఎన్‌టీ కనెక్ట్ అనేది క్యాంపస్ క్రూసేడ్ వర్గాల్లోనే పుట్టింది. మొదట దాని పేరు టీఎన్‌టీ ఎంపీడీ. కంప్యూటర్‌లో ఎక్కించుకునే ఉచిత ప్రోగ్రాం, సమాచారం మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. రెండోది ఎంపీడీఎక్స్, అదే సంస్థ తయారుచేసినది, ఇంటర్నెట్‌లో నడుస్తుంది. రెండింటిలోనూ నాకు నచ్చింది ఒకటే. ప్రతి మనిషి పేరు పక్కన అతను ఏ దశలో ఉన్నాడో రాసి ఉంటుంది: ఇంకా మాట్లాడలేదు, కలవడానికి సమయం అడగాలి, సమయం కుదిరింది, నిర్ణయం కోసం మళ్లీ ఫోను చేయాలి, కానుక ఇచ్చే భాగస్వామి, ప్రార్థన భాగస్వామి. "చూద్దాం తమ్ముడూ" అన్న ప్రతి ఒక్కరినీ మనం మర్చిపోతున్నది ఇక్కడే. చందా నెలకా, మూడు నెలలకా, ఏడాదికా అని కూడా రాసుకోవచ్చు, మన రైతు దాతలకు అది అక్కరకొచ్చేది. కానీ వీటి అసలు బలం సంస్థ విరాళాల లెక్కలు నేరుగా అందులోకి దిగినప్పుడే. మనకు లెక్కలంటే బ్యాంకు పాసుబుక్కు, రసీదు పుస్తకం. ఒక హైదరాబాద్ సభ్యుడు సివిసీఆర్ఎం అనే మరో సాఫ్ట్‌వేర్ తెచ్చి పెడతానన్నారు. అది కూడా ఉచితమే, ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగినదే. రెండు వారాలు చక్కగా నడిచింది. తర్వాత ఆయనకు ఆఫీసులో పని పెరిగింది, సర్వరు ఆగింది, దాన్ని మళ్లీ లేపగలిగేవారు మనలో ఇంకెవరూ లేరు. కాబట్టి గూగుల్ షీట్స్‌లో స్థిరపడ్డాం. ఘనంగా చెప్పుకోదగినది కాదు, కానీ ఎవరు చేతపట్టినా నడుస్తుంది. ఆ దశల పద్ధతి మాత్రం అందులోకి తెచ్చుకున్నాం.

ఒక పొరపాటు దాచకుండా చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్లను చూసి, చందా ముప్ఫై రోజులు ఆలస్యమైతే వరుస ఎర్రగా మారేలా పెట్టాం. అక్టోబరులో ఎర్రగా ఉన్నవారందరికీ చందా గుర్తుచేసే సందేశాలు పంపాం. పంపినవాణ్ణి నేనే. వారిలో ఒకరు డెబ్భై దాటిన విశ్రాంత ఉద్యోగి. మనం పుట్టకముందు నుంచి ఇస్తున్న మనిషి. ఆయన సాయంత్రం ఫోను చేసి, "బాబూ, నేను సంఘానికి బాకీ ఉన్నానా?" అని మెల్లగా అడిగారు. తీరా చూస్తే ఆయన డబ్బు పంపుతూనే ఉన్నారు. ఫోను పే చేయడం రాక కొడుకు చేత వేయిస్తున్నారు, బ్యాంకు కాగితంలో కొడుకు పేరు పడుతోంది. మన షీటుకు ఆ కొడుకు ఎవరో తెలియదు. మరుసటి ఆదివారం కోశాధికారి గారు, నేను వెళ్లి క్షమాపణ అడిగి వచ్చాం. ఆయన భోజనం పెట్టి పంపారు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ తర్వాత నాలుగు మార్పులు చేశాం. "ఎవరి ఖాతా నుంచి వస్తుంది" అనే గడి పెట్టాం. యూపీఐ చెల్లింపులకు వచ్చే పన్నెండు అంకెల నంబరును రసీదు మీద రాస్తున్నాం. వరుస ఎర్రబడితే ఇక సందేశం వెళ్లదు, ఎవరో ఒకరు ఫోను చేసి బాగోగులు అడుగుతారు, డబ్బు మాట ఎత్తరు. ఇంకా, రిజిస్టరు నుంచి అచ్చం అదే మాటలతో ఒక గడి తెచ్చాం: "అడగవద్దు". అందులో టిక్కు ఉంటే కారణం రాయనక్కరలేదు.

విదేశాల్లో ఉన్న మన సభ్యుల విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. భారత పౌరసత్వం ఉన్నవారు ఏ దేశంలో ఉన్నా తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి కానుక తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ద్వారానే రావాలి. మనకు ఆ రెండూ లేవు. అందుకే షీటులో పాస్‌పోర్టు గురించి ఒక గడి ఉంది. టెక్సాస్‌లో ఉన్న ఒక తమ్ముడు డబ్బు పంపబోయే ముందు మాటల మధ్య పౌరసత్వం తీసుకున్నానని చెప్పాడు. వద్దని చెప్పాల్సి వచ్చింది. "అంటే నేను ఇక మన హాస్టల్ వాణ్ణి కానా అన్నా?" అన్నాడు. జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇప్పుడు అతను నెలకోసారి విద్యార్థులకు ఉద్యోగ ఇంటర్వ్యూల సాధన ఇంటర్నెట్‌లో చేయిస్తున్నాడు.

పన్ను రాయితీ రసీదు అడిగేవారికి ఒక్క మాట. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద అనుమతి పొందిన సంస్థ మతపరమైన పనికి ఖర్చు చేయగలిగేది తన ఆదాయంలో 5 శాతం మించకూడదు. మన పని ప్రధానంగా అదే గనుక ఆ రసీదు మనం ఇవ్వలేం. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఎలాగూ ఆ రాయితీ లేదు.

ఇక వాట్సాప్. సంఘం కోసం కొత్త నంబరు తీసుకుని, ప్రసార జాబితా (బ్రాడ్‌కాస్ట్ లిస్టు) తయారుచేసి ప్రార్థన లేఖ పంపాం. అందరికీ చేరిందనుకుని మూడు నెలలు గడిపాం. ప్రసార జాబితాలో పంపినది మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుందని, ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరని మాకు అప్పటికి తెలియదు. తప్పు మాదే. ఉత్తరం రాలేదని అడిగినవారు ఒక్కరూ లేకపోవడం గురించి కూడా కార్యవర్గం కాసేపు ఆలోచించింది.

క్యాలెండరు సులువుగా కుదిరింది. ఒక్కో సేవకుడు మూడు నాలుగు కాలేజీలు తిరుగుతాడు. ఒక్కో కాలేజీకి ఒక రంగు. పండుగ సెలవులు, మిడ్ పరీక్షలు, సెమిస్టరు పరీక్షలు ముందే నింపేశాం. నిరుడు ఒక కాలేజీలో మిడ్ పరీక్షల ముందు రోజు నాయకుల శిక్షణ పెట్టి, వచ్చిన ఇద్దరికి బిర్యానీ పెట్టి పంపిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఈసారి అలా జరగలేదు. దాతలను కలిసే సమయాలూ అదే క్యాలెండరులో ఉన్నాయి. దాతలే లింకు నొక్కి సమయం ఎంచుకునే పద్ధతి కూడా పెట్టి చూశాం. ఊళ్లో ఉన్న పెద్దలకు అది రుచించలేదు. ఒకరు, "మా ఇంటికి రావడానికి మీరు నాకు టోకెను ఇస్తారా?" అన్నారు. వారింటికి ఇదివరకటిలాగే ఫోను చేసి వెళ్తున్నాం. అమెరికాలో ఉన్నవారికి మాత్రం ఆ లింకే నచ్చింది. వారితో ఆదివారం ఉదయం 7.30కు జరిగే ప్రార్థన కూడిక నవంబరు రెండో ఆదివారం తికమకైంది. అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు, మనం తిప్పలేదు. డాలస్ వారు ఎప్పటిలాగే శనివారం రాత్రి తొమ్మిదికి వచ్చేసరికి మనకు 8.30 అయింది. మనవాళ్లు అప్పటికే చర్చికి బయలుదేరారు. ఆ తేదీలను ఇప్పుడు క్యాలెండరులో ముందుగానే పెట్టాం.

సమాచారం భద్రత గురించి సభ్యులు అడిగారు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ఎవరి సమాచారమైనా వారి అనుమతితో, చెప్పిన పనికే వాడాలంటోంది. చట్టం మాట అటుంచితే, మనకే ఒక ఇబ్బంది ఎదురైంది. ఒక సేవకుడు ఒక విద్యార్థిని ఇంటి సమస్యను ప్రార్థన కోసమని షీటులో రాశాడు. మంచి ఉద్దేశమే, కానీ ఆ షీటు పదకొండు మంది తెరిచి చూడగలరు. ఆ గడి మొత్తం చెరిపేశాం. విద్యార్థుల విషయాలు ఇక షీటులో రాయకూడదని తీర్మానించాం. దాతల షీటు తెరవగలిగేవారు ఇప్పుడు నలుగురే. ఇంతకుముందు ఆ ఫైలు ఒక సభ్యుడి సొంత ఖాతాలో ఉండేది, ఆయన కెనడా వెళ్లాక పదిరోజులు దాన్ని తెరవలేకపోయాం. ఇప్పుడు సంఘం పేరిట ఖాతా ఉంది, దాని పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉంది. మూడు నెలలకోసారి ప్రింటు తీసి బీరువాలో పెడుతున్నాం. కంప్యూటర్ మీద నమ్మకం లేదా అని ఒకరు నవ్వారు. లేదు.

వచ్చే ఏడాదికి మిగిలిన పనులు: రిజిస్టరులోని పెన్సిలు రాతలు ఇంకా పూర్తిగా ఎక్కించలేదు, కొన్ని చదవడానికి రావడం లేదు. పాత సభ్యులు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి కూర్చుంటే చదివించుకుంటాం. ఎర్ర రిజిస్టరును పారేయాలన్న ప్రతిపాదన సమావేశంలో వచ్చింది, ఎవరూ బలపరచలేదు.

సర్వసభ్య సమావేశం రోజున గుమ్మం దగ్గర బల్ల మీద ప్రతి సభ్యుడి పేరు, చిరునామా, పిలుపు అచ్చు వేసిన చీటీలు ఉంటాయి. మీది వెతుక్కుని, తప్పుంటే కొట్టేసి పక్కన రాయండి. పెన్సిళ్లు బల్ల మీదే ఉంటాయి.

ఇట్లు,
కార్యదర్శి