ఎముకల మందు మార్చేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండకూడదు

సంపాదకులు గారికి,

బోలు ఎముకల వ్యాధికి వాడుతున్న మందు పడక డాక్టరు ఇంకొకటి రాస్తారు. ఆ కొత్తది ఇబ్బంది పెట్టగానే చాలామంది పెద్దవాళ్లు రెండూ మానేస్తున్నారు. మందుల షాపులో ఉండే మాకు ఇది తరచూ కనబడుతోంది.

అన్నిటికన్నా భయపడాల్సింది డెనోసుమాబ్ మానేయడం గురించి. ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాములు చర్మం కింద వేసే ఈ ఇంజెక్షన్ ఎముకను కరిగించే కణాలను అణచి ఉంచుతుంది. మందు ప్రభావం తగ్గగానే ఆ కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. కొందరికి వెన్నుపూసలు వరసగా విరుగుతాయి. నడుము పట్టేసిందని నూనె రాసుకుంటూ కూర్చుంటారు గానీ, సూది తప్పిపోయిన సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. గడువు దాటి నెల కూడా పోనివ్వకూడదు. ఈ మందు మానాల్సి వస్తే ఆ గడువుకల్లా జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ అలెండ్రోనేట్ గానీ అందుకోవాలి.

జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి 5 మిల్లీగ్రాములు, కనీసం 15 నిమిషాలపాటు సెలైన్ లాగా ఎక్కిస్తారు. మొదటిసారి సుమారు ముగ్గురిలో ఒకరికి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఎక్కువమందికి మూడు రోజుల్లో తగ్గిపోతాయి, మరుసటి ఏడాది అంత రావు. దీన్నే 'సూది పడలేదు' అనుకుని రెండో డోసు వదిలేస్తున్నారు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. సొంతంగా డైక్లోఫెనాక్ లాంటివి మింగితే కిడ్నీల మీద భారం పడుతుంది. ఈ సూదికి పరగడుపున రావాల్సిన పని లేదు. ఏప్రిల్, మే ఎండల్లో పల్లె నుంచి బస్సులో నీళ్లు కూడా తాగకుండా వచ్చి ఎక్కించుకోవడం అసలు మంచిది కాదు. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), క్యాల్షియం, విటమిన్ డి పరీక్షలు ముందే అయ్యుండాలి.

అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల వారపు మాత్రతో గుండెల్లో మంట వచ్చిందంటే, చాలాసార్లు మాత్ర అన్నవాహికలో అంటుకుని ఉంటుంది. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట కూర్చోవాలి, లేదా నడవాలి. పడుకోకూడదు. ఆ అరగంటలో టీ, పాలు, రాగిజావ, క్యాల్షియం మాత్ర ఏదైనా తీసుకుంటే మందు ఒంటికి పట్టదు. దీని నుంచి నెలకోసారి వేసుకునే 150 మిల్లీగ్రాముల ఇబాండ్రోనేట్‌కు మారినవాళ్లు అరగంట కాదు, గంట ఆగాలి. పాత అలవాటులో వారం వారం మింగేయకుండా ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

రోజూ పెన్ను లాంటి సూదితో వేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్‌కు మారితే మొదటి కొన్ని డోసులకు లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. మంచం మీద కూర్చుని వేసుకోండి. పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఈ కోర్సు అయిపోగానే కూడా వేరే మందు అందుకోవాలి, లేకపోతే పెరిగిన ఎముక మళ్లీ తరుగుతుంది.

పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం రక్తంలో క్యాల్షియం పడిపోయిన గుర్తులు కావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డెనోసుమాబ్ తర్వాత వీటిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. తొడలో, గజ్జల్లో తగ్గని నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. పన్ను పీకించే పని ఉంటే కొత్త మందుకు ముందే ముగించాలి.

మా అనంతపురం జిల్లాలో ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లవాళ్లకు ఎముక పెళుసుగా ఉన్నా, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో అది ఎక్కువగా కనబడవచ్చు. ఆ ఒక్క అంకె చూసి మందు ఆపకండి.

డాక్టర్లకు ఒక విన్నపం. మందు మార్చిన చీటీ మీద పాత మందు చివరి తేదీ, కొత్తది మొదలుపెట్టాల్సిన తేదీ, ఆ తర్వాతి డోసు తేదీ తెలుగులో పెద్దక్షరాలతో రాసివ్వండి. ఆ చీటీ చూసి ఇంట్లో పిల్లలు గుర్తు చేయగలుగుతారు, మేమూ చేయగలుగుతాం.

— ఒక ఫార్మసిస్టు, అనంతపురం