లండన్ స్టాంపుల పెద్దాయనకు కృతజ్ఞతలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, మంచాలు పోయినా నాన్న నోరెత్తలేదు. బ్రిటన్ స్మారక స్టాంపుల ఆల్బమ్ తడిసి అట్టకట్టిందని మాత్రం అన్నం మానేశారు. అన్నీ వాడిన స్టాంపులే, అమ్మినా పెద్దగా ఏమీ రాదు. ఆయనకు మాత్రం అవే ప్రాణం.

నేను లండన్‌లో ఉంటాను. ఆల్బమ్ తెచ్చుకుని, ఓ శనివారం స్టాంపుల సంతలో ఒక పెద్దాయనకు చూపించాను. "వాడినవి కావడం మీ అదృష్టం, వెనక జిగురు ఎప్పుడో పోయి ఉంటుంది, నీళ్లలో నానబెట్టినా నష్టం లేదు" అన్నారు. బేరానికి వచ్చినవాళ్లను కాసేపాగి రమ్మని, గోరువెచ్చని నీళ్ల ట్రేలో ఒక పేజీ ముక్క వేశారు. నానాక స్టాంపును లాగలేదు. దాన్ని బోర్లా పెట్టి, వెనకున్న కాగితాన్నే పట్టకారుతో నెమ్మదిగా ఒలిచారు. బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టి, తర్వాతది నాచేత చేయించారు. నా టెన్షన్ చూసి నవ్వారు కూడా.

1969 గాంధీ శతజయంతి స్టాంపు మాత్రం అప్పటికే చిరిగిపోయి ఉంది. మన దేశంలో పుట్టిన డిజైనర్ బిమన్ మల్లిక్ రూపొందించిన ఒక షిల్లింగ్ ఆరు పెన్నీల స్టాంపు అది. పెద్దాయన డబ్బాలన్నీ వెతికి, తపాలా ముద్ర గాంధీ ముఖం మీద పడకుండా ఓ మూలన పడినదాన్ని ఏరి ఇచ్చారు. డబ్బు తీస్తే చెయ్యి అడ్డం పెట్టారు.

పెద్దాయనా, మీకు శతకోటి దణ్ణాలు. అదే ఏడాది మన దేశం వేసిన గాంధీ స్టాంపులు నాలుగూ నాన్న మీకోసం పంపారు. వచ్చే శనివారం తెస్తున్నాను.