నాన్నను బతికించిన అందరికీ, మొసళ్ల బ్యాంకు వాళ్లకీ కృతజ్ఞతలు

నాన్నకు పాము కరిచి నిన్నటికి నలభై రోజులు. నిన్న పొద్దున ఆయనే వీధి చివరి దాకా నడిచి పాల ప్యాకెట్ తెచ్చారు. ఇక ఇది రాయొచ్చని ధైర్యం వచ్చింది.

నెల్లూరు నుంచి చెన్నై పక్కన కేళంబాక్కంలోని మా ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది. చీకటి పడే వేళ మల్లెపాదుకు నీళ్లు పోస్తుంటే చీలమండ దగ్గర కాటేసింది. కుక్కర్ కూసినట్టు బుస కొట్టింది, ఒంటి మీద గొలుసు మచ్చలు ఉన్నాయి అన్నారు. రక్తపింజర. నేను తుండుతో కాలు బిగించి కట్టబోతే ఎదురింటి ఆటో అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నాన్నను నడవనివ్వకుండా ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. అన్నా, ఆ రోజు నువ్వు డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచింది. తర్వాత వంచితే నీళ్లలా జారిపోయింది. గడ్డ కట్టలేదంటే విషం ఒంట్లోకి ఎక్కిందని అర్థమట. వెంటనే 10 వయల్స్ విరుగుడు మందు ఎక్కించారు. ఆరు గంటలు పోయాక మళ్లీ అదే పరీక్ష. ఈసారి గొట్టం వంచినా రక్తం కదల్లేదు. నర్సమ్మ ఆ గొట్టాన్ని లైటుకి ఎదురుగా పట్టి నాకు చూపించింది. అది చూసి ఏడ్చేశాను.

ఈ మందుకి కావలసిన విషంలో ఎక్కువ భాగం మన ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కనే వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద నుంచే వెళ్తుందని చెప్పింది కూడా ఆమే. అక్కడున్న మొసళ్ల బ్యాంకులో, అంటే మొసళ్లను పెంచే చోట, ఇరుళర్లు అనే గిరిజనులు పాముల విషం తీస్తారు. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తయారుచేస్తారు.

అసలు ఆ చోటు ఒక కుటుంబం మొదలుపెట్టింది. రోములస్ విటేకర్ 1943లో న్యూయార్క్‌లో పుట్టి, ఎనిమిదేళ్ల వయసులో అమ్మతో మన దేశం వచ్చారు. ఆయన్ని పెంచిన తండ్రి రామా చటోపాధ్యాయ మన హైదరాబాద్ సరోజినీ నాయుడు తమ్ముడి కొడుకు. ఇది తెలిసినప్పుడు ఎందుకో సొంత మనుషులే అనిపించింది. ఇరుళర్లు అప్పట్లో తోళ్ల కోసం పాములు పట్టేవాళ్లు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఆ పని పోయింది, పొయ్యి మీద కుండ ఎక్కడం కష్టమైంది. రోములస్, ఆయన అప్పటి భార్య జై 1976లో వడనెమ్మేలిలో, సముద్రం పక్కన, అంతరించిపోతున్న మొసళ్లను పెంచడానికి ఈ బ్యాంకు పెట్టారు. 1978లో ఇరుళర్ల సహకార సంఘం ఏర్పడింది. పాముల్ని చంపి తోలు ఒలిచిన చేతులే ఇప్పుడు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి, వాటిని మళ్లీ వదిలేస్తున్నాయి. ఎవరి విద్యనీ వృథా పోనివ్వని ఆ ఆలోచనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పోయిన ఆదివారం నాన్నను తీసుకెళ్లాం. మొసళ్ల దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగలేదు. పాముల కొట్టం దగ్గర మాత్రం కదల్లేదు. వరసగా మట్టికుండలు, మూతికి గుడ్డ కట్టి ఉన్నాయి. అందులో ఒకదాంట్లో రక్తపింజర. లోపల నుంచి అదే బుస. నాన్న నా భుజం గట్టిగా పట్టుకున్నారు, వెనక్కి మాత్రం జరగలేదు. విషం తీసే పెద్దాయనకు దండం పెట్టి, వచ్చీరాని అరవంలో తన కథంతా చెప్పారు. ఆయన వంగి కాలి మీద మచ్చ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, చీకట్లో పాదుల దగ్గరికి టార్చి లేకుండా వెళ్లొద్దయ్యా అన్నాడు.

తిరుగు దారిలో కోవళంలో ఆగి టార్చి కొన్నాం. ఆటో అన్నకి, నర్సమ్మకి, ఆ రాత్రి డ్యూటీ డాక్టరుగారికి, వడనెమ్మేలి పెద్దాయనకి, విటేకర్ కుటుంబానికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.