ఏడు క్యారియర్లు మా ఇంట్లోనే ఉన్నాయి

సంఘ పెద్దలకు, పాస్టరయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజం అమ్మలకు, యూత్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వందనాలు.

డెంగీతో ఆసుపత్రిలో ఉన్న నాయిన గురువారం సాయంత్రం ఇంటికొచ్చాడు. ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు. నిన్న పొద్దున తనంతట తానే గడ్డం గీసుకున్నాడు. రాగి జావ వద్దు, టీ కావాలని అమ్మతో పోట్లాడాడు. అంటే బాగైనట్టే. మీకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామని మొదలుపెట్టాను. రెండో ఫోన్‌కే గొంతు పట్టేసింది. అందుకే ఇలా రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని మీలో చాలామంది ముందే అన్నారు, పెట్టను. ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ఇది మన సంఘం బయటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెప్పాలి. మాది ఎం.బి. చర్చి. పాలమూరు, నల్లగొండ వైపు ఎవరినడిగినా 'ఎంబీ చర్చి' అనే అంటారు. మెన్నొనైట్ బ్రెదరన్ అనే పూర్తి పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినపడదు. నేను డిగ్రీ చదివేదాకా ఆ రెండక్షరాలకు అర్థమేంటని అడగనే లేదు. ఊళ్లో మందిరం, జడ్చర్లలో ఆస్పత్రి, షంషాబాద్‌లో బైబిలు కాలేజీ, మాకు ఎం.బి. అంటే ఇవే. హైదరాబాద్‌కు వచ్చాక దిల్‌సుఖ్‌నగర్ వైపు ఈ చిన్న సంఘం. పాలమూరు నుంచి, వనపర్తి నుంచి, గద్వాల నుంచి వచ్చి నగరంలో బతుకుతున్నవాళ్లం. ఆటో నడిపేవాళ్లు, నర్సులు, టీచర్లు, ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నేను నాలుగేళ్లుగా మందిరం గడప తొక్కలేదు. కమిటీ ఎన్నికలప్పుడు లెక్కల విషయంలో మాటా మాటా పెరిగింది. నేను ఒక పెద్దమనిషిని అందరి ముందూ అనరాని మాట అన్నాను. ఆయనా తక్కువ అనలేదు. ఆ రోజు చెప్పులేసుకుని బయటికొచ్చినవాణ్ణి మళ్లీ వెళ్లలేదు. అమ్మానాయినలు మాత్రం ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లేవాళ్లు. నేను ఇంట్లో కూర్చుని పేపర్ చదివేవాణ్ణి.

నాయినకు జ్వరమొచ్చిన నాలుగో రోజు డెంగీ అన్నారు. అప్పటికి ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలు. మంగళవారం రాత్రి పదకొండు వేలకు పడిపోయాయి, చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. తెల్లారేలోపు ఎస్‌డీపీ, అంటే ఒక్క డోనర్ నుంచే తీసిన ప్లేట్‌లెట్లు, ఎక్కించాలి, డోనర్లను మీరే తెచ్చుకోండి అన్నారు. ఈ మాట నాలాగే మొదటిసారి వినేవాళ్లకు చెబుతున్నా, పనికొస్తుంది. మామూలు రక్తదానంలో సీసా నింపుకుని పంపించేస్తారు కదా, ఇది అలా కాదు. డోనర్‌ను మెషీన్‌కు కలిపి, రక్తం తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లు మాత్రం వేరుచేసి, మిగతాది మళ్లీ ఆయన ఒంట్లోకే ఎక్కిస్తారు. గంట, గంటన్నర పడుతుంది. బరువు సరిపోవాలి, చేతి నరం లావుగా ఉండాలి, డోనర్‌కే ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉండాలి. తీసినవి ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, అందుకే కావాల్సినప్పుడు బ్లడ్ బ్యాంకులో దొరకడం కష్టం. నాకు ఇవేవీ తెలియవు. రాత్రి పదకొండుకు ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకుని కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాను. టెన్షన్‌తో చెయ్యి వణుకుతోంది.

సంఘానికి నేను చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? అమ్మ చెప్పింది. నాకు తెలియకుండా స్త్రీల సమాజం పెద్దమ్మకు ఫోన్ చేసి, "ప్రార్థన చెయ్యండి" అని మాత్రమే అందట.

పన్నెండున్నరకు నలుగురు పిల్లలు రెండు బైకుల మీద దిగారు. నలుగురూ బి పాజిటివ్. ఆ రాత్రివేళ ఎవరిది ఏ గ్రూపో ఎవరు వెతికారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. (తర్వాత తెలిసింది, వేసవి బైబిలు బడి అప్పుడు పిల్లలందరి బ్లడ్ గ్రూపులూ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టింది మన స్టాఫ్ నర్స్ అక్క. అక్కా, నీ నోట్‌బుక్కుకు దండం.) మొదటి తమ్ముడికి నరం సన్నగా ఉందన్నారు. రెండో తమ్ముడికి కౌంట్ చాలలేదు. పాపం, తప్పు చేసినవాడిలా నా దగ్గరికొచ్చి "సారీ అన్నా" అన్నాడు. ఏం సారీ రా నాయనా! మూడోవాడు పనికొచ్చాడు. మందిరంలో ప్యాడ్స్ వాయించే తమ్ముడు. రెండున్నర నుంచి నాలుగు దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. నాలుగోవాడు మర్నాడు ఇచ్చాడు. రెండోసారి ఎక్కించాక రక్తం ఆగింది. ఆ వారం గురువారానికి కౌంట్ నలభై వేలు దాటింది.

వాళ్ల వెనకే ఆటోలో వచ్చింది ఎవరో చెప్పాలి. నేను మాట అన్న ఆ పెద్దమనిషే. ఆయనదీ బి పాజిటివే. షుగర్ ఉందని, వయసు మీద పడిందని కౌంటర్ దగ్గరే వద్దన్నారు. ఇంటికి పోవచ్చు కదా, పోలేదు. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో తెల్లారేదాకా కూర్చున్నాడు. నాతో పెద్దగా ఏం మాట్లాడలేదు. ఐదింటికి మిషన్ దగ్గరికి పోయి రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎన్నికల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

పొద్దున్నే బిల్లు కౌంటర్ వాళ్లు పిలిచారు. బీమా కంపెనీ క్యాష్‌లెస్ కుదరదందట. ఎందుకన్నది మూడు ఫోన్లు చేసినా తేలలేదు. యాభై వేలు అడ్వాన్స్ కట్టమన్నారు. నా దగ్గర ముప్పై ఉన్నాయి. పదిన్నరకు పెద్దమ్మ వచ్చి ప్లాస్టిక్ కవర్ ఇచ్చింది. అందులో పద్దెనిమిది వేల నాలుగు వందలు. అన్నీ పదులు, ఇరవైలు, యాభైలు, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు. చూడగానే నాకు తెలిసింది ఏ డబ్బులో. అవి గుప్పెడు బియ్యం డబ్బులు. అన్నం వండేముందు కడిగే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు మన ఆడవాళ్లు. నెలాఖరుకు మందిరానికి తెచ్చి, అక్కడే అమ్మి, ఆ పైసలు సమాజం పెట్టెలో వేస్తారు. మా నానమ్మ డబ్బాలోంచి నేను బియ్యం దొంగిలించి పిచ్చుకలకు వేస్తే వీపు విమానం మోత మోగింది. ఆ గుప్పెళ్లు నాయిన మందులకు వస్తాయని అప్పుడెవరికి తెలుసు. తిరిగి ఇస్తానంటే పెద్దమ్మ "నీకు ఇచ్చినమా బిడ్డా? మీ నాయినకిచ్చినం. ఆయన లేచినంక ఆయనే చూసుకుంటడు" అంది. మిగిలిన పదహారు వందలూ కవర్ పట్టుకుని వెంట వచ్చిన టైలర్ అన్న జేబులోంచి తీశాడు.

ఆ మధ్యాహ్నం ఐసీయూ బయట ఖాళీగా కూర్చుంటే మా నానమ్మ చెప్పే కథ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కాలికి పుండు లేచి నడవలేకపోతే బండిమీద షంషాబాద్ తీసుకెళ్లారట, 'దొరసాని డాక్టరమ్మ' కట్టు కట్టిందట. ఆ డాక్టరమ్మ పేరు కేథరీనా షెలెన్‌బర్గ్ అని నాకు చాలా తర్వాత తెలిసింది. 1907లో మన దేశం వచ్చి, నిజాం రాజ్యంలోనే వైద్యం చేసుకుంటూ ఉండిపోయి, 1945లో షంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఇప్పుడు షంషాబాద్ అంటే అందరికీ విమానాలే. ఆమెకన్నా ముందు, నల్లగొండలో పనిచేసిన మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో మన దేశం వచ్చారు. అమెరికా నుంచి కాదు, రష్యా నుంచి. ఆ దేశంలో బతికే జర్మన్ మాట్లాడే రైతు కుటుంబాల సంఘం వాళ్లది, 1860లో ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద మొదలైంది. అంతకు మూడు వందల ఏళ్ల పైచిలుకు ముందు, 1536లో, మెన్నో సైమన్స్ అనే నెదర్లాండ్స్ ఫాదర్ తన పదవి వదిలేసి పసిపిల్లలకు బాప్తిస్మం వద్దు, కత్తి పట్టొద్దు అనే జనంతో కలిశాడు. ఆయన పేరే మాకు ఇంటిపేరయింది. అందుకే మాకు పసివాళ్లకు ప్రతిష్ఠ (దేవునికి అప్పగించే ప్రార్థన) మాత్రం చేస్తారు, బాప్తిస్మం ఎదిగాక తానై అడిగినవాళ్లకే, నీళ్లలో పూర్తిగా ముంచి. నాకు పదిహేడో ఏట ఇచ్చారు, ముక్కులోకి నీళ్లు పోయి తుమ్మిన తుమ్ముకు మందిరమంతా నవ్వింది. కత్తి వద్దన్న సంగతి మాత్రం మన ప్రసంగాల్లో నేను పెద్దగా వినలేదు. వినుంటే కమిటీ ఎన్నికలు కొంచెం చల్లగా జరిగేవేమో.

నాయినకు ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు. 1997 జనవరిలో మెన్నొనైట్ల ప్రపంచ మహాసభ కలకత్తాలో జరిగితే సంఘం తరఫున రైల్లో వెళ్లొచ్చాడు. ఆఫ్రికా వాళ్లు పాడుతుంటే కూర్చోలేకపోయామని ఇప్పటికీ చెబుతాడు. అక్కడ కొన్న గుడ్డ సంచీలోనే అమ్మ ఈ పది రోజులూ రిపోర్టులు, స్కాన్‌లు అన్నీ మోసింది.

ఆదివారం ఆయన వార్డుకు మారాడు. పదకొండింటికి మందిరం నుంచి వీడియో కాల్ వచ్చింది. ఫోన్ ఎవరు పట్టుకున్నారో గానీ ముందు సీలింగ్ ఫ్యాన్ కనిపించింది, తర్వాత గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప, తర్వాత తెల్ల చీరల వరస. నాలుగేళ్లకు చూశాను. కీబోర్డు కొత్తది, హార్మోనియం మూలన గుడ్డ కప్పి ఉంది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, మధ్యలో పరుగెత్తే పిల్లలు, ఏదీ మారలేదు. పాత కీర్తన ఎత్తుకున్నారు. ఆసుపత్రి నెట్‌వర్క్‌కు పాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, తాళం ఒకచోట, మాట ఒకచోట. నాయిన కళ్లు మూసుకునే ఉన్నాడు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు పెదాలు కదిలాయి. చేతికి సెలైన్ ఉంది కదా, రెండో చేత్తో మంచం పట్టీ మీద తాళం వేశాడు. పక్క మంచం పెద్దాయన ముస్లిం, వాళ్లబ్బాయి టీవీ సౌండ్ తగ్గించాడు. ఆ తమ్ముడికీ థాంక్స్.

ఇంకా ఎవరెవరు? రోజూ రెండు పూటలా క్యారియర్ పంపిన అమ్మలు. బొప్పాయి ఆకు రసం పంపిన చెల్లెలికి కూడా థాంక్స్, డాక్టర్ వద్దన్నారు కాబట్టి తాగించలేదు, ఏమనుకోకు. పాప స్కూలుకు నాలుగు రోజులు దింపి తెచ్చిన ఆటో అన్న. వార్డ్ బాయ్‌ను కూడా వదలకుండా పేరు అడిగి ప్రార్థన చేసిన పాస్టరయ్య. ఆఫీసులో నా పని పంచుకున్న దోస్తులు.

వచ్చే శనివారం సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. నాయిన ఎక్కువసేపు కూర్చోలేడు, కాబట్టి అయ్యగారూ, వాక్యం కొంచెం క్లుప్తంగా. భోజనం మాదే, ఎవరూ ఏమీ తేవద్దు. ఏడు క్యారియర్లు కడిగి బాల్కనీలో బోర్లించి ఉన్నాయి. మూతలు కలిసిపోయాయి, ఏ గిన్నెకు ఏ మూతో అమ్మకూ తెలియడం లేదు. మీరే వచ్చి వెతుక్కోండి. ఆకుపచ్చ పిడి ఉన్న స్టీలు క్యారియర్ ఎవరిదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. టీ తెచ్చిన పెద్దాయనా, మీ ఇంటిదేనేమో అని అమ్మ అంటోంది. మీరు కూడా రండి. టీ ఈసారి నేను పెడతాను.