డ్రైవర్ ఎప్పుడు నిద్రపోయాడో అడుగుదాం

సంపాదకులు గారికి,

నమస్కారం. డిసెంబరులో మా బంధువులం పదకొండు మందిమి టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని హరిద్వార్, ఋషీకేశ్, జైపూర్, ఆగ్రా, బృందావనం తిరిగి వచ్చాం. యాత్ర బాగా జరిగింది. ఆఖరి రోజు గురించి మాత్రం రాయక తప్పదనిపించింది. ఆ రోజు మేము చేసిన తప్పు మన తిరుపతిలో రోజూ జరుగుతోంది.

తాజ్‌మహల్ శుక్రవారం మూసేస్తారు. మా రైలు శుక్రవారం పొద్దున ఢిల్లీ నిజాముద్దీన్ స్టేషన్‌లో. అందుకని గురువారం ఒక్క రోజులోనే ఆగ్రా, బృందావనం రెండూ ముగించాలని జైపూర్‌లో తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. డ్రైవర్ పాతికేళ్ల కుర్రాడు. మేము తాజ్ చూసి వచ్చేలోగా పార్కింగ్‌లో కునుకు తీసుంటాడులే అనుకున్నాం. బండి అక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అని తరుముతూనే ఉన్నారట, తర్వాత చెప్పాడు. బృందావనంలో దర్శనం, భోజనాలు అయ్యేసరికి రాత్రి పదకొండు. పెద్దదాన్నని నన్నే అడిగాడు, రెండు గంటలు పడుకోనివ్వమని. రైలు తప్పిపోతుందన్న టెన్షన్‌లో, ఢిల్లీ పోయాక పడుకుందువులే పద బేటా అన్నాను. ఇప్పుడు లెక్కేసుకుంటే, ఆ రెండు గంటలు పడుకున్నా రైలు అందేది.

యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఆగ్రా నుంచి గ్రేటర్ నోయిడా దాకా 165 కిలోమీటర్లు. తిన్నని రోడ్డు, నిద్రను పిలిచే రోడ్డు. పైగా పొగమంచు. కార్లకు 100 ఉన్న వేగ పరిమితిని చలికాలంలో 75కు తగ్గిస్తారు. ఆ రాత్రి నలభైలో పోయినా ముందేముందో కనబడలేదు. నేను ముందు సీట్లో ఉన్నాను. కుర్రాడు తడిపిన కండువా మెడకు చుట్టుకున్నాడు, అద్దం దించి చలిగాలి మొహానికి తగలనిచ్చాడు. కాసేపటికి స్టీరింగ్ మీద అతని వేళ్లు సడలడం చూశాను. తల వాలలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. బండి మాత్రం ఎడమకు జరుగుతోంది. చక్రాల కింద గరగరమని శబ్దం, అంతలో మంచులోంచి ఆగి ఉన్న లారీ వెనక భాగం, దాని ఎర్ర రేడియం స్టిక్కర్లు. నేను అరిచాను, అతను కట్ కొట్టాడు. వెంట్రుకవాసిలో తప్పింది.

ఆ తర్వాత ఆపడానికి వీలైన చోట బండి ఆపించాం. సీటు వాల్చీ వాల్చగానే నిద్రపోయాడు. గంటన్నర ఎవరం లేపలేదు. రైలు అందింది.

ఊరికి వచ్చాక అలిపిరి వైపు పోయినప్పుడల్లా నా చూపు బండ్ల మీదికే పోతోంది. తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ నంబర్లు. అద్దానికి తువ్వాలు అడ్డం కట్టుకొని, కిటికీలోంచి కాళ్లు బయటికి చాపుకొని, ఎండలో, దోమల్లో పడుకున్న డ్రైవర్లు. మనం క్యూలో ఉన్నంతసేపూ అతనికి రెస్టేగా అనుకుంటాం. కాలుతున్న రేకు కింద వచ్చేది నిద్ర కాదు. దర్శనం కాగానే తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, రాత్రికి రాత్రే బెంగళూరు. ఆ దారిలోనే మొగిలి ఘాట్. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు లోయలో పడిన రాత్రిని ఈ చుట్టుపక్కల ఎవరమూ మరిచిపోలేదు. ప్రతి ప్రమాదానికీ నిద్రే కారణమని నేననను. కానీ నిద్ర సంగతి మన చేతుల్లో ఉన్నది.

చట్టం లేక కాదు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలే పని, దూర ప్రయాణాలకు అనుమతి ఉంటే 10. అయిదు గంటలకు మించి ఏకబిగిన నడపకూడదు, అరగంట విరామం ఇవ్వాలి అని అందులో ఉండేది. ఒక రోజు పని ముగిశాక మళ్లీ బండెక్కడానికి మధ్య కనీసం 9 గంటలు ఉండాలనీ ఉండేది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా రవాణా వాహనం నడిపేవారికి పని గంటలు ఆ చట్టంలో ఉన్నవేనని చెప్పింది. మా కుర్రాడు ఆ రోజు ఇరవై గంటలు దాటి మేలుకొని ఉన్నాడు.

మన తిరుమల ఘాట్ రోడ్డునే చూడండి. అర్ధరాత్రి మూసేస్తే తెల్లవారుజాము దాకా తెరవరు. కొండ దిగే బండి 40 నిమిషాలకంటే ముందే కిందికి వస్తే ఊరుకోరు. కొండ మీద గడియారం చూసి బండ్లు నడిపించే ఊళ్లో, డ్రైవర్ ఎన్ని గంటలుగా నడుపుతున్నాడని అడగడం కష్టమా? అలిపిరి పార్కింగ్ దగ్గరే డ్రైవర్ల కోసం ఒక హాలు కావాలి. ఫ్యాన్లు, మంచాలు, స్నానాల గదులు, అన్నిటికంటే ముఖ్యంగా బండికి కాపలా. కాపలా లేకపోతే ఎవరూ బండి వదిలి రారు. యాత్రికుల సామాను పోతే డ్రైవర్ల జీతంలోంచే పట్టుకుంటారు. దేవస్థానం, నగరపాలక సంస్థ, రవాణా శాఖ కలిసి కూర్చుంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. రాత్రి ప్రయాణం ఉన్న ప్యాకేజీకి రెండో డ్రైవర్ ఉంటేనే అమ్మాలని కూడా చెప్పాలి.

మనమూ అంతే. బండి మాట్లాడేటప్పుడు కిలోమీటరుకు ఎంత, ఏసీ ఉందా, డ్రైవర్ బత్తా ఎంత అని అడుగుతాం. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావని మా పదకొండు మందిలో ఒక్కరం అడగలేదు.

నిజాముద్దీన్‌లో సామాను దించుతూ ఆ అబ్బాయి చెప్పాడు, తొమ్మిదింటికి ఇంకో పార్టీని ఎక్కించుకోవాలట. మళ్లీ ఆగ్రాకే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి